కనీసశిక్షయు, న్యాయాధిపతి వివేచనయు

ఘోరమైన నేరవార్త పత్రికలలో వెలువడినప్పుడెల్ల, "జడ్జీల దయకు విడువరాదు, ఇన్నియేండ్లకు తక్కువ గాకుండ శిక్ష యని చట్టమే నిర్ణయింపవలెను" అని పెద్దలు పలుకుచుండుట మన విద్యార్థులు వినియేయుందురు. ఈ మాట నిరాధారము కాదు. స్త్రీని బలాత్కరించిన నేరమునకు 1983వ సంవత్సరపు సవరణచే ఏడేండ్ల కనీసశిక్ష ఏర్పడెను. తగిన ప్రత్యేకకారణములు తీర్పులో వ్రాసినచో తగ్గించు నధికారము మాత్రము జడ్జికి మిగిలెను. అట్టి యొక కేసులో క్రిందికోర్టు పదేండ్లు విధింపఁగా ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దానిని నాలుగేండ్లకు దించెను. 1995లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సవరించి ఏడేండ్లు విధించెను. బాధితురాలిని మరచిన దయ దయ గాదు.

అయినను, 2013లో పార్లమెంటు ఆ మినహాయింపునే తొలగించుట మాకు సమ్మతము గాలేదు. బాలల రక్షణకై 2012లో వచ్చిన పోక్సో చట్టమున అది మొదటినుండియు లేదు. దీని ఫలమేమి? పశ్చిమబెంగాలున పదునాలుగేండ్ల బాలికతో వెడలిపోయిన యువకునకు ఈ చట్టము క్రింద ఇరువదేండ్ల శిక్ష పడెను. కేసు సాగుచుండఁగనే ఆమె పెద్దదై, బిడ్డతల్లియై, అతనినే విడిపించుకొనుటకై కోర్టులచుట్టు తిరిగెను. బాల్యమున జరిగినదానిని మేము సమర్థింపము. తల్లిదండ్రులు దీనిని గట్టిగా గుర్తింపవలెను. కాని ఆ నేరముకంటె తరువాతి కేసే ఆమెను ఎక్కువ బాధించినదని గ్రహించి, 2025 మే నెలలో సుప్రీంకోర్టు, రాజ్యాంగపు 142వ అధికరణము ననుసరించి, అతనికి శిక్షయే విధింపక విడిచెను. ఇది ఇతర కేసులకు ప్రమాణము గాదనియు చెప్పెను.

ఆ యధికారము జిల్లాకోర్టునకు లేదు, హైకోర్టునకును లేదు. మన వినుకొండ ప్రాంతమున మిరపకోతల కూలితో పొట్టపోసికొను కుటుంబము ఢిల్లీదాక కేసు నడపఁగలదా? ధనికునకు తెరచికొను వాకిలి పేదకు మూయఁబడుచున్నది. శిక్ష మితిమీరినదని తోఁచిన జడ్జి దోషినే నిర్దోషి యనుటకు లోనగు ప్రమాదమును కలదు. అప్పుడు కనీసశిక్షయు పోవును, సత్యమును పోవును.

కావున కనీసశిక్షను ఉంచియే, బాధితురాలి మాటను స్వయముగా విని, కారణములను వ్రాసి తగ్గించు నధికారమును క్రిందికోర్టులకు మరల నీయవలెనని మా మనవి. అకారణముగా తగ్గించినచో 1995లో వలెనే పైకోర్టు దిద్దును.