చప్పట్లు ఎవరికి?

మన హాస్టల్లో చదువుకున్న వారికి పండ్ల పంపిణీ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఒక సినిమా హీరోదో, ఒక నాయకుడిదో పుట్టినరోజు వస్తుంది. స్టడీ అవర్ మధ్యలో మమ్మల్ని వరండాలో వరుసగా నిలబెడతారు. తలా ఒక అరటిపండు, ఒక బ్రెడ్డు ప్యాకెట్. ఆ ఒక్క పండును ఆరుగురు పెద్దమనుషులు పట్టుకుంటారు. ఫొటో సరిగ్గా రాకపోతే ఇచ్చిన పండు వెనక్కి తీసుకుని మళ్లీ ఇస్తారు. మరునాడు పేపర్లో వారి పేర్లన్నీ ఉంటాయి. మేము మాత్రం వట్టి "హాస్టల్ విద్యార్థులు".

ఆ పండ్లు మేము తిన్నాం. ఆకలికి అభిమానం తెలియదు. ఇచ్చిన వారిని ఎగతాళి చేయడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. కానీ మా మనసులో చాలాకాలంగా ఒక ప్రశ్న ఉంది. దాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో మీ ముందు పెడుతున్నాం.

ఆ ప్రశ్న పుట్టింది 2014 నవంబర్ 30, ఆదివారం నాడు. ఆ ఏడాది అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని, ఉత్తరాంధ్రను అతలాకుతలం చేసింది. బాధితుల కోసం తెలుగు సినిమా పరిశ్రమ హైదరాబాద్‌లో 'మేము సైతం' పేరుతో పెద్ద కార్యక్రమం జరిపింది. గంటల తరబడి టీవీలో తారలు ఆడారు, పాడారు, విరాళాలు ఇవ్వమని జనాన్ని కోరారు. ఆనాటి మన సీనియర్లు టీవీ ముందు కిక్కిరిసి కూర్చుని చూశారు. చూసి ఊరుకోలేదు. కాస్మెటిక్ చార్జీల్లో మిగుల్చుకున్న చిల్లరంతా పోగుచేస్తే 312 రూపాయలైంది. అప్పుడు ఆరో తరగతి తమ్ముడొకడు అడిగాడట: "అన్నా, గంత ఉన్నోళ్లు మనల్ని ఎందుకు అడుగుతున్నరు?" ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. ఆ మాట మాత్రం ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు అందుతూ మా దాకా వచ్చింది.

జవాబు కోసం లెక్కలు చూద్దాం. ఆ కార్యక్రమంలో వచ్చింది సుమారు 11.5 కోట్ల రూపాయలు. తుపాను నష్టం దాదాపు 21,900 కోట్లని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంచనా వేసింది. అంటే వంద రూపాయల నష్టానికి అందినది ఐదు పైసలు. కేంద్రం తక్షణ సాయంగా ప్రకటించిన 1,000 కోట్లు కూడా వందకు నాలుగున్నర రూపాయలే. కానీ ఆ ఐదు పైసలకే దీపాలు వెలిగాయి, సన్మానాలు జరిగాయి. గోరంత సాయం కొండంత కనిపించింది. మిగిలిన నష్టాన్ని చెట్టు కూలిన జీడితోట రైతు, పడవ పోయిన మత్స్యకారుడు మోశారు. వారికెవరూ చప్పట్లు కొట్టలేదు.

ఇంకో సంగతి. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చిన విరాళానికి అప్పటి ఆదాయపు పన్ను చట్టం 80జి సెక్షన్ కింద పూర్తి మినహాయింపు ఉండేది. ముప్పై శాతం పన్ను కట్టే ధనికుడు లక్ష రూపాయలిచ్చి ఆ మినహాయింపు తీసుకుంటే, అతనికి ముప్పై వేల పన్ను తగ్గుతుంది. ఆ ముప్పై వేలూ ప్రజల ఖజానాకు రావలసినవే. పేరు మాత్రం మొత్తం దాతదే. మరి సబ్బుబిళ్ల కొన్న ప్రతిసారీ పన్ను కట్టే మా అమ్మానాన్నల పేరు ఏ బోర్డు మీద రాశారు?

ఆ కార్యక్రమం జరిగిన మూడు నెలలకు, 2015 ఫిబ్రవరిలో, కేంద్ర బడ్జెట్ వచ్చింది. అందులో సంపద పన్నును రద్దు చేశారు. 2013-14లో దాని ద్వారా వచ్చింది సుమారు 1,008 కోట్లేనని, వసూలు ఖర్చు ఎక్కువని కారణం చెప్పారు. దానికి బదులు ఏడాదికి కోటి దాటిన ఆదాయాలపై అదనంగా 2 శాతం సర్‌చార్జి వేశారు. దానివల్ల 9,000 కోట్లు వస్తాయని అంచనా కట్టారు. పాట లేదు, ఆట లేదు. బడ్జెట్‌లో ఒక్క నిర్ణయానికి 780 'మేము సైతం'ల డబ్బు! కానీ ఆ సర్‌చార్జి ఆదాయం మీదే. పోగుపడిన ఆస్తుల మీద ఏటా వేసే పన్ను మాత్రం పోయింది. 2024లో వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ నివేదిక ప్రకారం 2022-23 నాటికి మన దేశ సంపదలో 40 శాతం నూటికి ఒక్కరి చేతిలో ఉంది. ఆ తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఉన్నవాళ్లను చట్టం గట్టిగా అడగలేదు కాబట్టే, వాళ్లు వచ్చి లేనివాళ్లను అడిగారు.

మన సంగతికి వద్దాం. మనల్ని చదివించింది దయ కాదు. బలహీన వర్గాల, ముఖ్యంగా ఎస్సీ, ఎస్టీల విద్యను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని రాజ్యాంగం 46వ అధికరణంలో చెప్పింది. ఆ తుపాను ఏడాది దాకా మన సీనియర్ల కంచాల్లో దొడ్డు బియ్యమే. 2015 జనవరి 1 నుంచి తెలంగాణ హాస్టళ్లకు సన్నబియ్యం వచ్చింది. అది ఏ తారా ఇచ్చింది కాదు, ప్రభుత్వ నిర్ణయం. విద్యార్థి సంఘాలు అడగగా అడగగా 2024లో ఎనిమిది నుంచి పది తరగతుల మెస్ చార్జీలు నెలకు 1,100 నుంచి 1,540 రూపాయలయ్యాయి. అయినా రోజుకు 51 రూపాయలే. ఇది చాలదని నిలదీసి అడగగలం. అరటిపండు రెండోది కావాలని అడగగలమా? హక్కుకూ దయకూ తేడా ఇదే.

పూర్వ విద్యార్థులైన అన్నలారా, అక్కలారా! మీరు పంపిన గైడ్లు, డిక్షనరీలు మా పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. అవి దానం కాదు, ఇంటి పెద్దలు పంపిన సొమ్ము. పంపడం మానకండి. దాంతోపాటు ఇంకొకటి చేయండి. మెస్ బిల్లులు ఆగినప్పుడు, బాత్రూం తలుపులు ఊడినప్పుడు మాతో కలిసి ఆఫీసుకు వచ్చి అడగండి. మేము వెళితే "పిల్లలు" అంటారు. మీరు వస్తే కుర్చీ వేస్తారు.

ఆపదలో ఆదుకునే చెయ్యి ఎవరిదైనా దండం పెడదాం. అయితే మేము 312 రూపాయలు ఇస్తే ఎవరూ ఫొటో తీయలేదు. మేమూ అడగలేదు. ఇవ్వడమంటే అదేనని మా నమ్మకం. చప్పట్లు కొట్టే ముందు లెక్క అడగడం నేర్చుకుందాం!