బంతి ముందు తగిలితే తప్పు మాఫీ అవుతుందా?

హాకీలో చూసేవాళ్లంతా ఒక్కసారిగా లేచి నిలబడే ఘట్టం ఒకటుంది. డిఫెండర్లందరినీ దాటేసి ఒక ఫార్వర్డ్ బంతితో దూసుకొస్తాడు. ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే మిగులుతాడు. ఆ కీపర్ గీత మీదే నిలబడడు. ముందుకు ఉరికి, పక్కకు పడి, కాళ్లు చాచి దారి మూసేస్తాడు. బంతి ఒక వైపు పోతుంది, ఫార్వర్డ్ ఇంకో వైపు పడతాడు. అక్కడి నుంచి గొడవ మొదలు. ఒక జట్టు "పెనాల్టీ" అని అరుస్తుంది. ఇంకో జట్టు "బంతికే కదా ముందు తగిలింది" అంటుంది. అంపైర్ విజిల్ వేస్తే ఒకరికి కోపం, వేయకపోతే మరొకరికి కోపం.

నేను హాస్టల్లో ఉన్నన్నాళ్లూ గోలు కాసినవాణ్ణి. ఇప్పుడు పీజీ చదువుతూ, సెలవుల్లో వచ్చినప్పుడు తమ్ముళ్ల మ్యాచ్‌లకు విజిల్ పట్టుకుంటున్నవాణ్ణి. రెండు చోట్లా నిలబడి చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఇది. కీపర్ దూకుడుగా ముందుకు రావడం నేరం కాదు. కానీ "బంతిని ముందు తాకాను" అన్న ఒక్క మాటతో ఆ తర్వాత జరిగిందంతా మాఫీ అయిపోదు.

ముందుగా కీపర్ పక్షాన మాట్లాడతాను. హాకీ గోలు వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. గీత మీద నిలబడి అంత జాగా మూయడం ఎంత పొడుగు మనిషికైనా సాధ్యం కాదు. నాలుగడుగులు ముందుకొస్తే సంగతి మారిపోతుంది. దీపానికి దగ్గరగా అరచెయ్యి పెట్టి చూడండి, గోడంతా నీడే. ముందుకొచ్చిన కీపర్ కూడా ఫార్వర్డ్ కంటికి అలాగే గోలంతా కప్పేసినట్టు కనిపిస్తాడు. పైగా సర్కిల్ లోపల కీపర్ కాళ్లతో, చేతులతో, ఒంటితో బంతిని ఆపవచ్చని నియమాలే చెబుతున్నాయి. 156 గ్రాములకు తగ్గని గట్టి బంతికి ఎదురు వెళ్లడానికి గుండె కావాలి. కాబట్టి "ముందుకొచ్చాడు, పెనాల్టీ ఇవ్వండి" అనడం ధైర్యానికి శిక్ష వేసినట్టే అవుతుంది.

అయితే ఆ అనుమతి బంతి వరకే, మనిషి మీదకు కాదు. అవతలి ఆటగాడి ఒంటికి తగలకుండా బంతిని ఆడగలిగే స్థితిలో లేనప్పుడు ట్యాకిల్ చేయకూడదని అంతర్జాతీయ హాకీ సమాఖ్య నియమం. అందులో కీపర్‌కు మినహాయింపు లేదు. బంతి ముందు తగిలితే చాలన్న మాట కూడా లేదు. ఆ మాట గ్రౌండుల్లో పుట్టి, నోటి నుంచి నోటికి పాకి, చివరికి చట్టంలా కూర్చుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కీపర్ బంతిని శుభ్రంగా తీసేసి ఆగిపోయాడు, ఫార్వర్డే వేగం ఆపుకోలేక వచ్చి అతని మీద పడ్డాడు అనుకుందాం. అది కీపర్ తప్పు కాదు. కానీ బంతికి కొస తగిలించి, అదే ఊపులో ఫార్వర్డ్ కాళ్లను ఊడ్చుకుపోతే అది తప్పే. బంతికి తగిలింది కదా అని ఆ కాళ్లు విరగకుండా ఉంటాయా?

నా దృష్టిలో అంపైర్ తనను తాను రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి, ఆ తప్పు వల్ల రావలసిన గోలు పోయిందా? రెండు, ఆ తప్పు వల్ల మనిషికి ముప్పు వచ్చిందా? మొదటి ప్రశ్నకు జవాబు పెనాల్టీలో ఉంది. సర్కిల్‌లో తప్పు చేసి దాదాపు ఖాయమైన గోలును ఆపితే 6.40 మీటర్ల దూరం నుంచి పెనాల్టీ స్ట్రోక్ ఇవ్వాలి. బంతి చేతిలో ఉన్న ఆటగాడి మీద కావాలని చేసిన తప్పుకూ స్ట్రోకే. అనుకోకుండా జరిగి, గోలు వచ్చే వీలు లేకపోతే పెనాల్టీ కార్నర్ సరిపోతుంది. రెండో ప్రశ్నకు జవాబు కార్డులో ఉంది. గ్రీన్ అయితే రెండు నిమిషాలు, ఎల్లో అయితే కనీసం అయిదు నిమిషాలు బయట కూర్చోవాలి. రెడ్ అయితే ఆ మ్యాచ్‌లో ఇక ఆట లేదు. మనం చేస్తున్న పొరపాటు ఈ రెండు ప్రశ్నలనూ కలిపేయడం. గోలు పోలేదు కాబట్టి ఏమీ జరగలేదంటాం. పడిపోయిన మనిషిని లెక్కలోకే తీసుకోం.

అలా లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో ఫుట్‌బాల్ చూపించింది. 1982 జూలై 8న స్పెయిన్‌లోని సెవిల్‌లో ప్రపంచ కప్ సెమీఫైనల్. పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ ఆడుతున్నాయి. ప్లాటినీ ఇచ్చిన పాస్ అందుకుని ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టన్ ఒంటరిగా గోలు వైపు పరుగెత్తాడు. జర్మనీ కీపర్ షుమాకర్ ఎదురొచ్చి గాల్లోకి ఎగిరి ఒంటితో అతని ముఖాన్ని ఢీకొట్టాడు. బాటిస్టన్ స్పృహ తప్పాడు, పళ్లు ఊడిపోయాయి, వెన్నుపూసకు దెబ్బ తగిలింది. అతన్ని స్ట్రెచర్ మీద మోసుకుపోయారు. బంతి పక్కకు పోయింది కాబట్టి రిఫరీ గోల్ కిక్ ఇచ్చి ఊరుకున్నాడు. పెనాల్టీ లేదు, కార్డూ లేదు. మ్యాచ్ 3-3తో సమమై, ప్రపంచ కప్‌లో మొట్టమొదటి పెనాల్టీ షూటౌట్‌కు వెళ్లింది. అందులో అదే షుమాకర్ రెండు షాట్లు ఆపి జట్టును గెలిపించాడు. గెలిచింది జర్మనీయే అయినా ఆ రాత్రి పేరెత్తితే ముందు గుర్తొచ్చేది నేల మీద కదలకుండా పడి ఉన్న బాటిస్టనే.

మంచు మీద ఆడే హాకీ వాళ్లు ఈ చిక్కుముడిని కొంత చక్కగానే విప్పారు. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో ఒంటరిగా దూసుకుపోయే ఆటగాణ్ణి తప్పు చేసి పడేస్తే పెనాల్టీ షాట్ ఇవ్వడం 1934-35 సీజన్ నుంచి ఉంది. 2014-15 సీజన్‌లో వాళ్లు నియమాన్ని మరింత స్పష్టం చేశారు. రక్షించే ఆటగాడు దూకి ముందు పక్‌ను తాకినా సరే, ఆ దూకుడుతో ఎదుటివాణ్ణి పడేస్తే ట్రిప్పింగ్ శిక్ష తప్పదు. అయితే పక్‌ను ముందు తాకాడు కాబట్టి పెనాల్టీ షాట్ మాత్రం ఉండదు. అంటే ముందు తాకడం శిక్షను తగ్గిస్తుంది, రద్దు చేయదు. నేను చెప్పాలనుకున్నదీ ఇదే.

"అతను కావాలని చేయలేదు కదా" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్లో మన అమిత్ రోహిదాస్ స్టిక్ ప్రత్యర్థి ముఖానికి తగిలింది. రెడ్ కార్డు ఇచ్చారు. 17వ నిమిషం నుంచి మనవాళ్లు పదిమందితోనే ఆడారు. 1-1తో నిలిచి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. అతను కావాలని కొట్టలేదని మన దేశంలో చాలామందే అన్నారు, ఆ శిక్ష ఎక్కువని నేనూ అనుకున్నాను. అయినా నా మాట ఒకటే. ఉద్దేశం చూసి శిక్ష ఎంతో తేల్చాలి గానీ, తప్పు జరిగిందా లేదా అన్నది ఉద్దేశం చూసి తేల్చకూడదు. షూటౌట్ నియమమూ ఇలాంటిదే. 23 మీటర్ల గీత నుంచి ఎనిమిది సెకన్లలో ఫార్వర్డ్ గోలు చేయాలి. కీపర్ కావాలని తప్పు చేస్తే స్ట్రోక్. అనుకోకుండా చేస్తే ఫార్వర్డ్‌కు మళ్లీ అదే అవకాశం. అనుకోకుండా చేశాడు కదా అని పోయిన అవకాశాన్ని గాలికి వదిలేయలేదు.

మిత్రులారా, ఇదంతా టీవీలో కనిపించే పెద్దల ఆట గురించి కాదు. అక్కడ తడిపిన టర్ఫ్ ఉంటుంది, పక్కనే డాక్టరు ఉంటాడు, వీడియో అంపైర్ ఉంటాడు. మన దగ్గర మొరం నేల, క్రికెట్ ప్యాడ్లు కట్టుకున్న కీపర్, చేతిలో విజిల్ ఒక్కటే ఉన్న సారు. రెండేళ్ల కిందట ఒక పోటీలో పదో తరగతి తమ్ముడొకడు ఒంటరిగా గోలు మీదకు వెళ్లాడు. కీపర్ బంతికి కాలు తగిలించి, వాడి మడమ మీదుగా జారిపోయాడు. విజిల్ మోగలేదు. చీలమండ ఎముక విరిగింది, ఆరు వారాలు కట్టు. కూలికి వెళ్లే వాళ్లమ్మ పని మానుకుని ఆసుపత్రిలో వాడి మంచం పక్కనే కూర్చుంది. పెద్దల కాలు విరిగితే బీమా చూసుకుంటుంది. మన కాలు విరిగితే ఇంట్లో పొయ్యి చూసుకోవాలి. నియమం మనకే ఎక్కువ అవసరమని అందుకే అంటున్నాను.

"ఇలా ప్రతిదానికీ విజిల్ వేస్తే కీపర్లు భయపడి గీత దాటరు" అన్నది ఇంకో వాదన. నేను ఒప్పుకోను. మంచి కీపర్ ఆయుధం ఓపిక. శ్రీజేష్ షూటౌట్లు చూసినవాళ్లకు ఇది తెలుసు. తొందరపడి పడిపోడు. కాళ్ల మీద నిలబడి, ఫార్వర్డ్‌ను పక్కకు తోస్తూ, సెకన్లు కరిగిపోయేలా చేస్తాడు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్లిన మన రజని కూడా గోల్‌కీపరే. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన హాకీ ఫైవ్స్ మహిళల ప్రపంచ కప్‌లో భారత జట్టుకు కెప్టెన్‌గా ఉండి రజతం తెచ్చింది. ఇలాంటివాళ్లను చూసి నేర్చుకోవలసింది ఎప్పుడు ముందుకు రావాలి, ఎప్పుడు ఆగాలి అన్న లెక్కే. ఆలస్యంగా బయలుదేరిన కీపరే కాళ్ల మీద పడతాడు.

కాబట్టి వచ్చే ఏడాది పోటీలకు నా సూచనలు మూడు. మ్యాచ్‌కు ముందే ఇద్దరు కెప్టెన్లనూ, ఇద్దరు కీపర్లనూ పిలిచి "బంతి ముందు తగిలినా మనిషిని పడేస్తే విజిల్ వేస్తాం" అని అంపైర్ స్పష్టంగా చెప్పాలి. గోలు పోకపోయినా ప్రమాదకరమైన ట్యాకిల్‌కు కార్డు చూపడానికి వెనకాడకూడదు. గ్రౌండు పక్కన ప్రథమ చికిత్స పెట్టె లేకుండా ఆట మొదలుపెట్టకూడదు. మూడింటికీ కలిపి అయ్యే ఖర్చు ఒక్క పెట్టె ఖరీదు.

తమ్ముళ్లూ, గోలు కాయండి. గట్టిగా కాయండి. ముందుకు ఉరకండి, భయపడకండి. కానీ ఎదురుగా వస్తున్నవాడు కూడా మీలాగే ఒక ట్రంకు పెట్టెతో, ఇంటివాళ్ల ఆశలతో హాస్టల్‌కు వచ్చినవాడేనని మరవకండి. పోయిన గోలు రేపటి మ్యాచ్‌లో తిరిగి కొట్టవచ్చు. వాడి కాలు విరిగితే ఆ రేపు వాడికి ఉండదు.