0.43 తేడా

పైసా తేడాకి రాత్రిదాకా లెడ్జర్లు తిరగేసిన వాణ్ణి, 0.43 విలువ నాకు తెలుసు. ఈ లెక్క మాత్రం మంచుమీది జంట స్కేటింగ్‌ది.

అల్యోనా సావ్‌చెంకో ఉక్రెయిన్‌లో పుట్టి జర్మనీకి ఆడింది. రాబిన్ షోల్కోవీతో ఐదుసార్లు ప్రపంచ విజేత. ఒలింపిక్స్‌లో మాత్రం 2010లోనూ, 2014లోనూ కంచుపతకాలే. ఆపైన ఫ్రాన్సు కుర్రాడు బ్రూనో మాస్సో జత కలిశాడు. జర్మన్ పౌరసత్వానికి భాషా పరీక్ష రాయాలి. తప్పాడు! (పొరుగు లిపితో కుస్తీ పట్టిన మనకి నవ్వు రాదు లెండి.) 2017లో పౌరసత్వం వచ్చింది.

2018, ప్యాంగ్‌చాంగ్. ఆమెకు 34 ఏళ్ళు, ఐదో ఒలింపిక్స్. మొదటిరోజు మూడుచుట్ల గెంతులో బ్రూనో రెండే తిరిగాడు, నాలుగో స్థానం. మర్నాడు 159.31 పాయింట్లు, అప్పటికి ప్రపంచ రికార్డు. ఇంకా మూడు జంటలు ఆడాలి. కూర్చుని చూశారు. చివరి చైనా జంటకి మొత్తం 235.47, వీళ్ళకి 235.90. బంగారం.