సెట్టు వెనక సరుగుడు కర్రలు

మన విద్యార్థి సంఘం ఈ ఏటి యాత్ర ఎక్కడికని అడిగినప్పుడు రెండు పక్షాలు ఏర్పడిన సంగతి అందరికీ ఎరుకే. సైన్సు విద్యార్థులు పోదగిన చోటు పటాన్‌చెరు పక్కన 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్ అని ఒక పక్షం. రోజూ బస్సులో దాని ముందు నుంచే పోతున్నాం, ఇక యాత్ర ఎందుకు, రామోజీ ఫిల్మ్ సిటీకి పోదాం అని రెండో పక్షం. ఓట్లు ఎటు పడ్డాయో చెప్పనక్కరలేదు. ఓడినవారు మనది సినిమా పిచ్చి అన్నారు. గెలిచినవారు ఆ మాట నిజమే అన్నట్టుగా పోయినచోటల్లా ఫోటోలు దిగి వచ్చారు.

నేను రెండో పక్షానికే ఓటు వేశాను. మళ్ళీ అడిగినా అటే వేస్తాను. కానీ మనం చూసి వచ్చింది సగమే. మిగిలిన సగమే మనబోటివాళ్ళు చూడవలసింది అని నా వాదన. అధ్యాపక మహాశయులు కొందరు ‘సినిమా స్టూడియోలో సైన్సేమున్నది నాయనా’ అని నవ్వారు. వారికి కూడా ఇందులో జవాబు చెప్పుకుంటాను.

మా సుల్తాన్‌పూర్ దగ్గర అవుటర్ రింగు రోడ్డు ఎక్కితే నగరాన్ని చుట్టి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగవచ్చు. అక్కడినుంచి విజయవాడ రోడ్డు. విచిత్రమేమంటే ఆ విజయవాడ రోడ్డూ, మన పటాన్‌చెరు మీదుగా సంగారెడ్డి పోయే రోడ్డూ ఒకటే, 65వ నంబరు జాతీయ రహదారి. ఈ కొసన మందుల కంపెనీల పొగగొట్టాలు, ఆ కొసన మాయానగరం. 1996లో మొదలైన ఆ నగరం 1,666 ఎకరాలనీ, ప్రపంచంలో అంత పెద్ద స్టూడియో మరొకటి లేదనీ గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. రైతు ఇంట్లో పుట్టినవాడికి ఎకరం అన్న మాట చెవిన పడగానే ఎన్ని బస్తాలు అని లోపల లెక్క పడుతుంది. అక్కడ పండేది బొమ్మలు. ఆ పంటను చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. ఒకప్పుడు తెలుగు సినిమా అంటే మద్రాసుకు పోవలసిందే. ఇవాళ ఇతర భాషలవాళ్ళు మన దగ్గరికి వచ్చి తీసుకుంటున్నారంటే అందులో ఈ నగరం వంతు చాలా ఉన్నది.

అందరూ మాహిష్మతి దగ్గర ఆగారు. 2015లో, 2017లో వచ్చిన బాహుబలి రెండు భాగాలకూ సాబు సిరిల్ కళా దర్శకత్వంలో లేచిన రాజ్యం అది. బ్రహ్మాండంగా ఉన్నది, కాదనను. నేను అక్కడినుంచి కొంచెం వెనకబడి, ఒక వీధి సెట్టు దగ్గర ఆగాను. ముందు చూస్తే రెండంతస్తుల మేడలు, కిటికీలు, రాతి కమ్మీలు. రాతిని వేలితో కొడితే డొల్ల చప్పుడు. పక్క సందులోంచి తొంగి చూస్తే మేడ లేదు. సరుగుడు కర్రలు ఒకదానికొకటి ఆన్చి, మేకులు కొట్టి, తాళ్ళతో బిగించి నిలబెట్టిన ఒక పలుచటి గోడ. ప్లైవుడ్డు మీద ఏదో లెక్క బలపంతో రాసి ఉన్నది, అడుగులు, అంగుళాలు. పక్కనే ఎవరిదో చిన్న బొమ్మ గీత కూడా, చెట్టూ పిట్టా. పని మధ్యలో తీరిక దొరికినప్పుడు గీసి ఉంటాడు. ఆ రోజు మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ పిట్టే.

సైన్సేమున్నది అన్నవారికి అక్కడినుంచే చెప్తాను. ఆ రాయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్. జిప్సాన్ని 150 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులోని నీటిలో నాలుగింట మూడు వంతులు ఎగిరిపోతాయి. ఆ పొడికి మళ్ళీ నీళ్ళు పోస్తే, పోయిన నీటిని తిరిగి పట్టుకుని గట్టిపడుతుంది, గట్టిపడుతూ చేతికి వెచ్చగా తగులుతుంది. మనం దీన్ని సమీకరణంగా రాసి మార్కులు తెచ్చుకుంటాం. అచ్చు పోసే మనిషికి సమీకరణం తెలియకపోవచ్చు. కానీ ఎన్ని నీళ్ళకు ఎంత పొడి, ఎన్ని నిమిషాల్లో బిగుస్తుంది, మబ్బు పట్టిన రోజున ఎంత ఆలస్యమవుతుంది, ఇవన్నీ అతని వేళ్ళకు తెలుసు. మన లెక్క తప్పితే ఎర్ర సిరా గీత పడుతుంది, అంతే. అతని లెక్క తప్పితే పోసిన అచ్చు మొత్తం పగలగొట్టి మళ్ళీ మొదలు పెట్టాలి.

సినిమా ఎట్లా తీస్తారో చూపే ప్రదర్శనలో మన తరగతి అమ్మాయిని ఒకామెను పిలిచి, కదలని గుర్రబ్బండి మీద కూర్చోబెట్టారు. 1975 నాటి షోలేలో బసంతి టాంగా సన్నివేశం అన్నమాట. బండిని మనుషులు ఊపుతున్నారు, ఆమె కొరడా ఝళిపిస్తున్నది, మనమంతా ఈలలు. తర్వాతి గదిలో గిట్టల చప్పుడూ గజ్జెల చప్పుడూ వేరుగా చేయించి అతికించారు. చివరి గదిలో తెర మీద చూస్తే ఆమె బండి తోలుకుంటూ దౌడు తీస్తున్నది! అందరూ నవ్వి, చప్పట్లు కొట్టి, ఐస్‌క్రీము బండి దగ్గరికి పోయారు.

మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటీ అడగలేదు. ఆమె వెనక పరిచే గుడ్డ ఆకుపచ్చే ఎందుకు? మనిషి చర్మంలో ఆ రంగు పాలు తక్కువ. పైగా డిజిటల్ కెమెరా సెన్సారులో ఆకుపచ్చను పట్టే గళ్ళు ఎరుపు గళ్ళకు రెండింతలు, నీలం గళ్ళకు రెండింతలు. అందుచేత ఆ రంగును మనిషి అంచు నుంచి శుభ్రంగా కోసి తీసి, ఆ జాగాలో మరొకటి పెట్టవచ్చు. భౌతికశాస్త్రం ల్యాబులో మనం తంటాలు పడే కాంతి పాఠమే ఇది, రోజుకూలి మీద పనిచేస్తున్నది. ఒక మాట పక్కదారే అయినా చెప్పకుండా ఉండలేను. మా నాయనకు ఆకుపచ్చ అంటే పంట. అక్కడ ఆకుపచ్చ అంటే చెరిపేసి మరొకటి పెట్టుకునే జాగా. మా సుల్తాన్‌పూర్ చుట్టుపక్కల కూడా ఇప్పుడు అంతే గదా! పచ్చగా ఉన్న చోటల్లా వెంచర్ల రాళ్ళు, వైద్య పరికరాల పార్కు షెడ్లు.

సరే, అసలు సంగతికి వస్తాను. మా వాడకట్టులో వడ్ల పెద్దనాయన ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు ఊరందరికీ నాగళ్ళు, గొర్రులు, బండి చక్రాలు ఆయన చేతివే. ట్రాక్టర్లు వచ్చినంక ఆ పని పోయింది. చాలా ఏండ్లుగా సినిమా సెట్ల పనికి పోతున్నాడు. తెల్లవారుజామున పోతే ఎప్పుడు వస్తాడో ఆయనకే తెలియదు. యాత్ర నుంచి వచ్చిన మరునాడు ఆయన దగ్గర కూర్చున్నాను.

‘పెద్దనాయినా, ముందుదిక్కు అద్దం తీరు ఉన్నది, వెనకదిక్కు చిత్రిక గూడ పట్టరేంది?’ అని అడిగితే నవ్వాడు.

‘కెమెరకు కనవడేదాంక్నే మన పని బిడ్డా. అవుతలి దిక్కు చిత్రిక పడితే మేస్త్రి తిడ్తడు, ఎవడు జూస్తడురా అని.’

‘మరి నాగలి చేసినప్పుడు?’

‘నాగలంటవా? గది భూమిల దిగేటిది, కనవడందే గట్టిగుండాలె. కనవడేదెట్లున్నా నడుస్తది.’

ఇంకా చాలా చెప్పాడు. నెల దినాలు కట్టిన కోటను పది దినాలు షూటింగు చేసి రెండు దినాల్లో విప్పేస్తారట. వాన సీను వాన వెనకనుంచి లైటు కొడితేనే కెమెరాకు కనిపిస్తుందట, ముందునుంచి కొడితే ఎన్ని నీళ్ళు గుమ్మరించినా తెర మీద వాన ఉండదట. ఒకచోట ఆ వాన కోసం ట్యాంకర్లకు ట్యాంకర్లు నీళ్ళు పోస్తుంటే తాను నిలబడి చూశాడట. ‘ఆ యేడు మన దిక్కు బోర్లన్ని ఎండినయి బిడ్డా’ అని ఊరుకున్నాడు. అది తప్పని ఆయన అనలేదు. నేను కూడా అనను. వాన చూపకుండా సినిమా ఎట్లా తీస్తారు మరి. కానీ ఆ నీళ్ళు పోసినవాడి మనసులో ఏమున్నదో మన యాత్రలో ఎవరమైనా అడిగామా?

మనం చూడని సగం అని నేను అంటున్నది ఇదే. 24 క్రాఫ్టులు అని సినిమావాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. మనలో ఎంతమందికి అందులో అయిదింటి పేర్లు తెలుసు? 2025 ఆగస్టు 4 నుంచి తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతనం పెంచమని పని ఆపేశారు. 18 రోజులు షూటింగులు నిలిచిపోయాయి. చివరికి మూడేండ్లలో కలిపి 22.5 శాతం అని ఒప్పందం కుదిరింది. రోజుకు 2,000 రూపాయల లోపు వచ్చేవారికి మొదటి ఏడు 15, రెండో ఏడు 2.5, మూడో ఏడు 5 శాతం. ఆ రోజుల్లో మన క్యాంటీనులో నడిచిన చర్చ నాకు గుర్తున్నది. ఫలానా హీరో సినిమా సంక్రాంతికి వస్తుందా రాదా అన్నదే చర్చ. ఎవరు పని ఆపారు, ఎందుకు ఆపారు అన్న ప్రశ్న టీ గ్లాసుల దాకా రాలేదు. నిర్మాతల వాదన కూడా ఉన్నది. థియేటర్లకు జనం తగ్గారు, ఖర్చులు పెరిగాయి అంటారు. అందులో నిజం ఉండవచ్చు. కానీ ఖర్చు తగ్గించాలన్నప్పుడు మొదట గుర్తొచ్చేది చిత్రిక పట్టే చేయి ఎందుకయింది?

పంట విషయంలోనూ మనది ఇదే తీరు. బియ్యం ధర పెరిగితే వార్త, వరి కోసినవాడి కూలి వార్త కాదు. ఇంట్లో చూసి చూసి పెరిగాను గనుక ఆ సెట్టు వెనక్కి నా కన్ను పోయిందేమో.

వెనక చూపిస్తే మాయ పోతుంది, ఎవడు టికెట్టు కొంటాడు అని మిత్రుడొకడు వాదించాడు. నేను ఒప్పుకోను. 1957 నాటి మాయాబజార్ సంగతి చూడండి. వాహినీ స్టూడియోలో 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు జాగాలో 300 చిన్న చిన్న ఇండ్లు పేర్చి, వాటిలో దీపాలు వెలిగించి ద్వారక అన్నారు. ఈ సంగతి ఎన్నిసార్లు అచ్చయిందో! ద్వారక చిన్నబోయిందా? మార్కస్ బార్ట్‌లే వెన్నెల దీపాల వెలుగు అని తెలిసినంత మాత్రాన ఆ వెన్నెల తగ్గిందా? ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు తమంతట తామే పోతుంటే మా నాయనమ్మ ఈనాటికీ ముక్కున వేలేసుకుంటుంది. అది కెమెరా పని అని ఆమెకు తెలియక కాదు. తెలిసి చూస్తే ఇంకా ముద్దొస్తుంది. ఆ సినిమా కళా దర్శకులు గోఖలే, కళాధర్ అని మనకు తెలుసు, చాలా సంతోషం. ఆ మూడు వందల ఇండ్లకు తలుపులు కోసిన వడ్రంగి ఎవరు? ఇప్పటి సినిమాల్లో చివర పేర్లన్నీ వేస్తున్నారు, నిజమే. కానీ అవి పరుగెత్తే వేళకు హాల్లో లైట్లు వెలిగి, మనం బండి తాళం వెతుక్కుంటూ ఉంటాం.

స్టూడియో చూడబోవడం అనేది మొదలైందే పని చూడటానికి. అమెరికాలో యూనివర్సల్ వారు 1915లోనే 25 సెంట్లు తీసుకుని జనాన్ని లోపలికి రానిచ్చారు, నిజంగా షూటింగు జరుగుతుంటే పక్కన కూర్చుని చూడటానికి. మాటల సినిమాలు వచ్చాక జనం గోల రికార్డులో పడుతుందని దాన్ని ఆపవలసి వచ్చింది. మళ్ళీ 1964లో బండ్ల మీద తిప్పుతూ మొదలు పెట్టేనాటికి చూసేవాళ్ళు విహారయాత్రికులయ్యారు, చూపేది వినోదమయింది. మన దగ్గరికి వచ్చింది ఈ రెండో రకం. వినోదం ఉండాలి, చిన్న పిల్లలతో వచ్చేవాళ్ళకు అదే కావాలి. కళాశాల నుంచి పోయే సైన్సు విద్యార్థులకు మాత్రం మొదటి రకం కావాలి. ముందుగా ఉత్తరం రాసి, అచ్చులు పోసే షెడ్డు, వడ్రంగి షెడ్డు, లైట్లు సర్దే చోటు చూపమని అడగాలి. ఇస్తారో ఇవ్వరో తర్వాతి మాట, మనం అడగనే లేదు గదా! పోయేముందు రోజు భౌతిక, రసాయన శాస్త్ర అధ్యాపకులు ఒక గంట పాఠం చెప్పాలి. అప్పుడు ఇక్రిశాట్ పక్షం వారికి కూడా కోపం తగ్గవచ్చు.

అంతకన్నా ముందు చేయగలిగిన పని ఒకటుంది. మా వడ్ల పెద్దనాయనను మన కళాశాలకు వచ్చి ఒక చిన్న గోడ నిలబెట్టి చూపమని అడిగాను. ‘నాకు లెక్చర్లు రావు బిడ్డా, కట్టెలిస్తే నిలవెడ్త’ అన్నాడు. రెండు ప్లైవుడ్డు షీట్లు, పది సరుగుడు కర్రలు, ఒక బస్తా ప్లాస్టరు చాలునట. షూటింగు లేని రోజు చూసుకుని వస్తానన్నాడు. షూటింగు ఉన్న రోజున రమ్మంటే ఆయన ఒకరోజు కూలి పోతుంది. ఆ కూలి, బస్సు ఛార్జీలు సంఘం నిధి నుంచి ఇవ్వవలసి ఉంటుంది. సంఘం కోశాధికారి గారు ఈ సంగతి గమనించ ప్రార్థన.