రెండు లిపుల యోగ్యత

పట్టా చేతికి రాగానే మన విద్యార్థులు వ్రాసే మొదటి రచన కవితా కాదు, వ్యాసమూ కాదు. ఉద్యోగానికి పంపే రెజ్యూమే. జీవనోపాధి దానిపై ఆధారపడి ఉన్నా, ఒకరిది చూచి మరొకరు నకలు చేసుకోవడమే ఆచారమయింది. న్యాయవాదుల కార్యాలయాలలో లీగల్ అసిస్టెంటు ఉద్యోగం కోరే విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని ఈ విషయమై మా అభిప్రాయం విన్నవిస్తున్నాము.

1961 నాటి న్యాయవాదుల చట్టం ప్రకారం న్యాయస్థానంలో వాదించే హక్కు న్యాయవాదులుగా నమోదైన వారికే ఉన్నది. కాని వాదనకు వెనుక ఎంతో పని ఉంటుంది. కాగితాలను వరుసలో అమర్చాలి. వాయిదా తేదీలు తప్పకుండా చూడాలి. దస్తావేజుల సారాంశం వ్రాయాలి. ఇ-ఫైలింగుకు పత్రాలు సిద్ధం చేయాలి. ఇవన్నీ సహాయకుని పనులు. రెజ్యూమే చదివే న్యాయవాది వెదికేది ఈ పనులు చేయగల మనిషినే.

మన విద్యార్థుల రెజ్యూమేలలో ఆయనకు కనిపించేది వేరు. పైన “కష్టపడి పనిచేసి సంస్థ అభివృద్ధికి తోడ్పడగలను” అన్న వాక్యం. అది ప్రతివారూ వ్రాసేదే గనుక ఎవరినీ పరిచయం చేయదు. తరువాత తండ్రి పేరు, మతం, వివాహ వివరాలు. వీటికీ పనికీ సంబంధం లేదు. చిట్టచివర “తెలిసిన భాషలు: తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు” అన్న ఒక్క పంక్తి. ఆ చివరి పంక్తిలో దాగినదే మన విద్యార్థికి అందరికంటె పైన ఉండవలసిన యోగ్యత అని మా నిశ్చయం.

నిజాము పాలనలో హైదరాబాదు సంస్థానపు న్యాయస్థానాలూ రెవెన్యూ కార్యాలయాలూ ఉర్దూలో నడిచాయి. సేత్వారులు, మున్‌తఖబులు, వక్ఫు పత్రాలు నేటికీ తెలంగాణలోని భూవివాదాలలో సాక్ష్యంగా వస్తూనే ఉన్నాయి. వాటిని చదివి తెలుగులో చెప్పడానికి రెండు లిపులూ రావాలి. లిపి వస్తే చాలదు, మాట మర్మం కూడా తెలియాలి. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులో రాజీనామా అంటే పదవి వదులుకొనడం. ఉర్దూలో అది ఇరుపక్షాలు కుదుర్చుకొన్న ఒడంబడిక. ఒక్క భాషే తెలిసినవాడు ఇక్కడ వాదిని ప్రతివాదిగా మార్చివేయగలడు. రెండూ తెలిసినవాడు ఆగి, ఆలోచించి వ్రాస్తాడు.

ఉర్దూతో ప్రయోజనమేమని నిట్టూర్చే విద్యార్థులున్నారు. ఉర్దూకు రాష్ట్రమంతటా రెండవ అధికార భాష ప్రతిపత్తి తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో లభించింది. ప్రతిపత్తిని చట్టం ఇవ్వగలదు. ప్రయోజనాన్ని చదవగలవారే కల్పించాలి.

కనుక రెజ్యూమే మొదటి భాగంలోనే ఇట్లా వ్రాయమని మా సలహా: “అచ్చు ఉర్దూ పత్రాన్ని చదివి, తెలుగులో సారాంశం వ్రాయగలను. తెలుగు టైపు చేయగలను.” ఇందులో ఒక్క మాట కూడా పరీక్షకు నిలువనిది ఉండరాదు. పాత దస్తావేజులలోని శికస్తా వ్రాతను చదవడం వేరే విద్య. అది రానివారు వచ్చునని వ్రాయరాదు. నేర్చుకొంటున్నట్లయితే ఆ మాటే వ్రాయాలి. అట్లాగే 2024 జూలై 1 నుండి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత స్మృతే వర్తిస్తుంది గనుక రెండింటితోనూ పని ఉన్నది. పాత చట్టం పేరు ఒక్కటే వ్రాసినవాడు చదువు ఎక్కడ ఆపాడో తానే చెప్పుకొన్నవాడవుతాడు.

మరొక హెచ్చరిక. ఎక్కడైనా కొన్నాళ్లు పని నేర్చుకొన్నవారు అక్కడి కక్షిదారుల పేర్లనూ వారి వివాదాలనూ అనుభవం క్రింద ఏకరువు పెట్టరాదు. కక్షిదారుడు న్యాయవాదికి చెప్పిన రహస్యాన్ని కాపాడే బాధ్యత న్యాయవాది గుమాస్తాకూ ఉన్నదని 1872 నాటి సాక్ష్య చట్టం 127వ సెక్షను చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షను కూడా అదే చెబుతున్నది. “భూవివాదాల దావాలలో పత్రాలు అమర్చాను” అంటే చాలును. రహస్యం దాచలేదని రెజ్యూమేయే చెబుతుంటే, ఆ అభ్యర్థిని ఏ న్యాయవాది నమ్ముతాడు?

చివరగా కాలేజీ కమిటీ పెద్దలకు ఒక మనవి. వ్రాయడానికి యోగ్యత ఉంటేనే రెజ్యూమే నిండుతుంది. వారానికి రెండు గంటలు పాత దస్తావేజుల నకళ్లు చదివించే తరగతి, తెలుగు టైపు అభ్యాసం, ఉర్దూ నుండి తెలుగుకు అనువాదం, చివర ఒక కఠినమైన పరీక్ష ఏర్పాటు చేయవలెనని కోరుతున్నాము. దీనికి కొత్త భవనం అవసరం లేదు. ఉర్దూ, తెలుగు శాఖలు ఒక బల్ల వద్ద కూర్చుంటే చాలును. శికస్తా చదవగల వృద్ధులు ఏటేటా తగ్గిపోతున్నారు. వారు ఉండగానే ఆ విద్య మన పిల్లలకు అందాలి. అప్పుడు రెండు లిపులు నేర్పే కాలేజీలో చదివామని మన విద్యార్థి సంకోచం లేకుండా మొదటి పంక్తిలోనే వ్రాయగలడు.