సైంధవన్యాయము - సూక్ష్మకణము

భోజనమునకు కూర్చున్నవాడు ‘సైంధవము తెమ్ము’ అన్నచో ఉప్పు తేవలెను. ప్రయాణమునకు సిద్ధమైనవాడు ఆ మాటయే అన్నచో గుఱ్ఱమును తేవలెను. సందర్భమునుబట్టి అర్థము నిర్ణయమగునని తెలుపుటకు శబ్దశాస్త్రమున ఇది ప్రసిద్ధమైన దృష్టాంతము. క్వాంటం సిద్ధాంతము లేవదీసిన ఒక చర్చను బోధించుటకును ఇది కొంతదూరము పనికివచ్చును. ఎక్కడ పనికిరాదో అక్కడనే అసలు విశేషమున్నది.

సూక్ష్మకణముల విషయమున క్వాంటం సిద్ధాంతము సాధారణముగా ఫలితముల సంభావ్యతను మాత్రమే చెప్పును. ఈ అనిశ్చితి వెనుక కంటికి కానరాని నిశ్చితమైన రాశులున్నవనియు, కొలత వానిని బయటపెట్టుచున్నదనియు కొందరు భావించిరి. వీనికి గుప్త చరరాశులని పేరు. ఈ ఊహ అవివేకము కాదు. పెట్టె తెరువకముందే అందలి నాణెము బొమ్మయో బొరుసో అయియుండును గదా! 1952లో డేవిడ్ బోమ్ ఇట్టి సిద్ధాంతమొకటి నిర్మించి చూపెను.

అయితే 1967లో కోచెన్, స్పెకర్ అను గణితవేత్తలు ఈ ఊహకు ఒక హద్దు గీచిరి. 1990లో పెరెస్, మెర్మిన్ చూపిన సులభరూపమును బడిపిల్లలు సైతము పలకపై సరిచూచుకొనవచ్చును. అడ్డముగా మూడు, నిలువుగా మూడు వరుసలు వచ్చునట్లు తొమ్మిది గళ్లు గీయవలెను. ఒక్కొక్క గడి, రెండు కణముల జతపై చేయదగిన ఒక కొలత. దాని ఫలితము +1 గాని -1 గాని. ఒకే వరుసలోని మూడింటిని కలిపి కొలువవచ్చును. సిద్ధాంతము ప్రకారము ప్రతి అడ్డువరుస లబ్ధము +1. నిలువువరుసలలో మొదటి రెండింటి లబ్ధము +1, మూడవదానిది -1. ఈ గళ్లను ముందే అంకెలతో నింపుట సాధ్యమా? అడ్డముగా హెచ్చించినచో మొత్తము లబ్ధము +1 కావలెను. నిలువుగా హెచ్చించినచో -1 కావలెను. అవే తొమ్మిది అంకెలకు రెండు లబ్ధములుండవు. కావున ఏ వరుసతో కలిపి కొలిచినను మారని విలువ ప్రతి గడికి ముందే కలదనుట పొసగదు.

ఇచ్చట సైంధవన్యాయము ఆగిపోవును. ‘సైంధవము’ అన్నవాని మనస్సున ఉప్పో గుఱ్ఱమో ముందే నిశ్చయమైయున్నది. సందర్భము దానిని తెలుపుచున్నది మాత్రమే. ఈ తొమ్మిది గళ్లకో, సందర్భముతో నిమిత్తములేని నిశ్చయమే అసాధ్యము.

ఇంతమాత్రమున జగన్మిథ్యను విజ్ఞానము ఒప్పుకొన్నదని వేదికలపై చాటుట తొందరపాటు. గుప్త చరరాశులు లేనేలేవనుటయు అట్టిదే. బోమ్ సిద్ధాంతము ఈ హద్దునకు లోబడియే నిలిచినది. అందు స్పిన్ కొలత ఫలితము కణముపైననే గాక, కొలుచు పరికరపు అమరికపైనను ఆధారపడును. త్రోసివేయబడినది సందర్భముతో పనిలేని విలువ అను భావన మాత్రమే.

ఎంత నిరూపింపబడినదో అంతయే చెప్పుట ఉపాధ్యాయ ధర్మము. నల్లబల్లపై తొమ్మిది గళ్లు గీచి విద్యార్థిచేతనే హెచ్చవేయించినచో, గురువు చెప్పెనని గాక, తాను లెక్కించి చూచితినని వాడు నమ్మును. విజ్ఞానమునకు అట్టి నమ్మకమే పునాది.