రాయగడకి ఒక్క రంగు వెయ్యకండి

మన చుట్టాల గ్రూపుల్లో ఈ మధ్య రంగుల పటాలు తెగ తిరుగుతున్నాయి. ఒకదాంట్లో రాయగడ, కొరాపుట్ రెండూ ముదురు ఎరుపు, కింద ‘మన తెలుగు నేల’ అని. ఇంకోదాంట్లో అవే జిల్లాలు మొత్తం నీలం, అంతా ఒడియా అని. రెండూ అబద్ధమే. మొదటిది మన ఇంటి చరిత్ర పేజీల్లో పెడదాం అంటే మాత్రం నేను ఒప్పుకోను.

కంప్యూటర్ వేసిన రంగు అబద్ధం ఎలా అవుతుంది అంటారు మావయ్యలు. కంప్యూటర్ చెప్పదు మావయ్యా, మనమే చెప్పిస్తాం. క్యూజీఐఎస్ ఉచితంగా దొరుకుతుంది. హద్దుల ఫైల్ తెరిచి, జనగణన పట్టిక జోడించి, సింబాలజీలో ‘గ్రాడ్యుయేటెడ్’ ఎంచుకుంటే నిమిషంలో పటం రెడీ. అసలు సంగతంతా ఆ నిమిషంలోనే జరిగిపోతుంది.

తలల సంఖ్యకి రంగు వేస్తే జనం ఎక్కువున్న చోటు ముదురుతుంది. ఊరికే ఒక లెక్క అనుకోండి: లక్షమందిలో పదివేలమంది తెలుగువాళ్ళు ఒక చోట, అయిదువేలలో వెయ్యిమంది ఇంకో చోట. సంఖ్య అయితే మొదటిది ముదురు, శాతం అయితే రెండోది. తర్వాత మెట్లు. ‘ఈక్వల్ కౌంట్’ పెడితే ప్రతి రంగుకీ దాదాపు సమానంగా ప్రాంతాలు రావాలి కాబట్టి, తెలుగు నాలుగు శాతమే ఉన్నా పక్కవాళ్ళకన్నా ఎక్కువైతే చాలు, చిక్కటి ఎరుపు వచ్చేస్తుంది. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, తప్పులు హద్దు విలువ దగ్గరే దాక్కుంటాయని రోజూ చూస్తాను. 9.9 ఒక రంగు, 10.1 ఇంకో రంగు అయితే ఆ తేడా నేల మీద లేదు, మెట్టు దగ్గర ఉంది.

ఇంకోటి ఎవరూ చూడరు. 2011 జనగణనలో ఒడిశా ఉపజిల్లాలంటే పోలీస్ స్టేషన్ పరిధులు, బ్లాకులు కావు. రాయగడ జిల్లాలో బ్లాకులు 11. బ్లాకు హద్దులకి స్టేషన్ లెక్కలు పేరుతో జోడిస్తే కొన్ని అతకవు, స్పెల్లింగ్ తేడాకే ఖాళీ అయిపోతాయి. ఆ ముక్క తెల్లగా మిగులుతుంది, చూసేవాళ్ళు అక్కడ తెలుగువాళ్ళే లేరనుకుంటారు.

జిల్లా అంతటికీ ఒకే రంగు వేస్తే ఇంకా అన్యాయం. రాయగడ ఏడువేల చదరపు కిలోమీటర్ల పైన, 2011లో 9,67,911 మంది. మజ్జిగౌరి అమ్మవారి గుడి దగ్గర వినిపించే తెలుగుని తీసుకెళ్ళి నియమగిరి మీద పరిచేస్తామా? అక్కడి డోంగ్రియా కోంధులది కువి. అదీ ద్రావిడ భాషే గానీ తెలుగు కాదు. ఎవరో మనల్ని చెరిపేశారని ఏడుస్తూ మనం వాళ్ళని చెరిపేస్తున్నాం.

1936 ఏప్రిల్ 1 దాకా ఇదంతా మద్రాసులోని విశాఖపట్నం జిల్లా, నిజమే. అప్పటి గ్రియర్సన్ భాషా సర్వే మద్రాసు ప్రెసిడెన్సీని వదిలేసింది. అంటే లెక్క తీయాల్సిన రోజుల్లో సరిగ్గా తీయలేదు. దానికి ఇప్పుడు ఎరుపు పులిమితే సరిపోతుందా?

‘అర్జీ పెట్టాలంటే పటం గట్టిగా ఉండాలి కదా’ అని బాబాయ్ వాదన. పిల్లలకి తెలుగు పాఠం కావాలని అడగడానికే కదా అర్జీ! రాజ్యాంగంలో 350ఎ భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు గురించే చెప్తుంది. అక్కడ మనం ఎక్కువమంది అని చూపించక్కర్లేదు, ఉన్నామని చూపిస్తే చాలు. ఆఫీసులో ఎవరైనా సి-16 పట్టిక తీసి మన ఎరుపుతో పోల్చారంటే అర్జీ అక్కడితో ఆఖరు. నేను కన్నడ మీడియంలో చదివాను, ఈ తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. బడిలో తెలుగు లేకపోతే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే ఆ అర్జీ నిలబడాలంటాను.

చుక్కలతో వెయ్యండి. యాభైమందికి ఒక చుక్క, తెలుగుకి ఒక రంగు, ఒడియాకి, కువికి, సవరకి తలో రంగు. చుక్కలు అడవిలోనూ పడతాయి, అవి ఇళ్ళు కావని కింద రాయండి. రెండో, మూడో భాష లెక్కలకి సి-17 పట్టిక ఉంది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడే మన అత్తయ్య అందులోనే దొరుకుతుంది. పటానికి పేరు ఇలా పెడదాం: ‘తెలుగు మాతృభాషగా చెప్పినవారు, పోలీస్ స్టేషన్ల వారీగా, 2011’. అది మన పేజీల్లో పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు.